సువాసన జెరేనియం – మన మెట్ట పెరళ్లలో

సువాసన అనగానే మనకు పువ్వు గుర్తుకొస్తుంది. కాని వాసన పువ్వు ఒక్కదాని సొత్తు కాదని మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కనకాంబరాలకు వాసన లేదు గనుకనే దండలో నడుమ నడుమ మరువపు రెబ్బో, దవనపు రెబ్బో పెట్టి కడతారు. వినాయక చవితి పత్రిలో మాచిపత్రికీ మరువానికీ చోటుంది. ఇలా ఆకు వాసనకు తరతరాలుగా అలవాటుపడిన మనకు, గులాబీ వాసన వేసే ఆకు ఒకటి ఉందంటే పెంచుకోవాలనే ఆశ కలగటం సహజమే. ఆ ఆకు జెరేనియం మొక్కది.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం పాత కృష్ణా జిల్లాలో మెట్టసీమ. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఈ మొక్కను ఇక్కడ చలికాలంలో ముచ్చటపడి కొనుక్కున్నవారు శ్రావణ భాద్రపదాలు వచ్చేసరికి ఎండుకట్టెను పీకి పారేయటం మామూలు. ఎందుకు పోయిందని అడిగితే "మన ఎండలకు ఆగదండీ" అంటారు. ఆ మాట సగమే నిజం. ఎండ దాన్ని వాడ్చి నీరసపెడుతుంది. కాని ప్రాణం తీసేది చాలాసార్లు వాననీరు, లేదా ప్రేమ కొద్దీ మనం పోసే నీరు. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే జెరేనియం మన దొడ్లోనూ బతుకుతుంది. ఎలాగో చూద్దాం.

పేరులోని తికమక

శాస్త్రీయంగా చూస్తే మనం జెరేనియం అనేది అసలు జెరేనియం కాదు. 1753లో లిన్నేయస్ మహాశయుడు కొంగముక్కులాంటి కోసు కాయలు గల మొక్కలన్నిటినీ జెరేనియం అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. 1789లో లెరిటియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వీటిని విడదీసి పెలార్గోనియం అని పేరు పెట్టాడు. రెండు పేర్లకూ మూలం గ్రీకు భాషలో కొంగజాతి పక్షుల పేర్లే. శాస్త్రజ్ఞులు మార్చినా జనం మార్చలేదు, పాత పేరే నిలిచిపోయింది.

పెలార్గోనియంలలో ఎక్కువ జాతుల పుట్టిల్లు దక్షిణాఫ్రికా. ఇసుక నేలలూ, రాతి వాలులూ, నీరు పడీ పడగానే జారిపోయే చోట్లూ వీటికి అలవాటు. ఈ పుట్టింటి అలవాటును మనసులో పెట్టుకుంటే పెంపకంలో సగం పాఠం వచ్చేసినట్లే.

తైలం కోసం సాగు చేసే గులాబీ వాసన రకం సంకరజాతి. దానికి విత్తనం కట్టదు. కొమ్మ ముక్క నాటి పెంచుకోవలసిందే. కనుక ఎవరైనా "జెరేనియం అత్తరు విత్తనాలు" అమ్మజూపితే కాస్త అనుమానించండి.

ఫ్రెంచివారి చేతిలో ఈ మొక్క హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చేరి పెద్ద పంట అయింది. ఆ దీవి పాత పేరు బోర్బాన్. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలను తీసుకుపోయిన దీవి అదే. నేటికీ మేలురకం జెరేనియం తైలాన్ని 'బోర్బాన్' రకం అంటారు. మన దేశంలో 20వ శతాబ్ది తొలి దశకాల్లో సేలం దగ్గరి ఏర్కాడు కొండలమీద ఈ సాగు మొదలైంది. తర్వాత నీలగిరులకు వ్యాపించింది. రెండూ చల్లని కొండలే అన్నది గమనించదగ్గ విషయం.

వాసన ఎక్కడిది?

జెరేనియం ఆకును వెలుగుకెత్తి చూడండి, సన్నని నూగు కనబడుతుంది. ఆ నూగులో కొన్ని వెంట్రుకల కొసన చిన్న బుడిపెలుంటాయి. తైలమంతా వాటిలోనే ఉంటుంది. వేలితో నిమరగానే బుడిపె పగిలి వాసన గుప్పుమంటుంది. ఆ తైలంలో ముఖ్యమైనవి సిట్రొనెల్లాల్, జెరేనియాల్ అనే పదార్థాలు. గులాబీ అత్తరులోనూ ఈ రెండే ప్రధానం. ఆకుకు గులాబీ వాసన రావటంలోని రహస్యం ఇదే.

అన్ని రకాలదీ గులాబీ వాసనే అనుకోకూడదు. నిమ్మవాసన, పిప్పరమెంటు వాసన, ఆపిల్ వాసన వేసే జాతులూ ఉన్నాయి. వాటిలో కొన్ని మరీ సుకుమారాలు, చల్లని చోట్లు కోరుకుంటాయి. మన ప్రాంతంలో మొదట గులాబీ వాసన రకంతో మొదలుపెట్టటం మేలు. ఎర్రటి పూలగుత్తులతో నర్సరీల్లో కనిపించే జెరేనియం వేరు. అది పూల అందానికే, దాని ఆకుకు ఈ పరిమళం ఉండదు.

మన నేల, మన నీరు

నందిగామ చుట్టూ నల్లరేగడి ఎక్కువ. పత్తికీ మిరపకూ అది బంగారమే. కాని తడిస్తే ఉబ్బి జిగటగా మారుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కుండీలో పోస్తే నీరు దిగక, గాలి ఆడక వేరు ఉక్కిరిబిక్కిరవుతుంది. జెరేనియంకు ఇది బొత్తిగా పనికిరాదు.

రెండో చిక్కు సున్నం. జగ్గయ్యపేట పరిసరాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయో మనకందరికీ తెలుసు. నేలలో సున్నపురాయి ఉంది. పేట దగ్గర ధనంబోడు మీది ప్రాచీన బౌద్ధ స్తూపానికి శిల్పులు చెక్కిన పలకలూ సున్నపురాతివే. ఇలాంటి నేలల్లో బోరునీళ్లు సాధారణంగా ఉప్పదనం, సున్నం కలిసి కఠినంగా ఉంటాయి. ఆ నీరే రోజూ పోస్తుంటే మట్టిలో క్షారగుణం పెరుగుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. అప్పుడు లేత ఆకులు పసుపు పచ్చగా తేలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చాలామంది ఇది చూసి బలం చాలలేదని యూరియా వేస్తారు. రోగం ఒకటి, మందు మరొకటి!

దీనికి మందు అన్నభేది. లీటరు నీటికి 2, 3 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులమీద పిచికారి చెయ్యాలి. వారానికొకసారి చొప్పున రెండు మూడుసార్లు చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. వీలైనప్పుడు వాననీరు మూతపెట్టిన డ్రమ్ములో పట్టి ఉంచుకుని పోయటం ఇంకా మంచిది. పొయ్యి బూడిద, సున్నం మాత్రం ఈ కుండీల దరిదాపులకు రానీయవద్దు.

కుండీ మట్టి ఇలా కలుపుకోవాలి: ఎర్రమట్టి ఒక పాలు, గరుకు ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. మున్నేటి ఇసుక దొరికే ఊళ్లలో ఇసుకకు కరువు లేదు. దాన్ని ఒకసారి జల్లించి, సన్నపొడి తీసేసి వాడాలి. కుండీ మట్టిదైతే శ్రేష్ఠం. దాని గోడలగుండా తడి ఆరుతుంది. ఎనిమిది నుంచి పది అంగుళాల కుండీ చాలు. చిన్న మొక్కకు పెద్ద గోళెం పెడితే వాడని తడి అడుగున నిలిచి వేరు కుళ్లుతుంది.

ఏ కాలానికి ఆ పని

మొక్క కొనటానికి కార్తీక, మార్గశిరాలు మంచి అదను. నర్సరీ మొక్క కొబ్బరిపొట్టులో, నీడపట్టున పెరిగి వస్తుంది. తెచ్చిన రోజే ఎండలో పెట్టకుండా వారం రోజులు పంచలో ఉంచి, తర్వాత కుండీ మార్చాలి. అక్కడి నుంచి మాఘం దాకా దానికి పండగే. రోజంతా ఎండ తగలనివ్వండి. కొసలు గిల్లితే పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది. ఎరువు నెలకొకసారి, అదీ పలుచగా. నత్రజని ఎక్కువైతే ఆకు విశాలంగా పెరుగుతుంది గాని కొమ్మ మెత్తబడి తెగుళ్లకు లొంగుతుంది.

ఫాల్గుణం దాటాక జాగ్రత్త మొదలు. మే నెలలో నందిగామలో 44, 45 డిగ్రీల ఎండ కాసే రోజులుంటాయి. పొద్దున తొమ్మిదింటి దాకా ఎండ, ఆ తర్వాత చెట్టునీడో, పచ్చ వలపందిరో ఉండాలి. డాబామీద, బండల అరుగుమీద కుండీని నేరుగా పెట్టవద్దు. కింది వేడికి వేళ్లు ఉడికిపోతాయి. రెండు ఇటుకలమీద పెట్టండి. ఇంకా మంచి ఉపాయం ఏమిటంటే, కుండీని దానికంటే పెద్ద కుండీలో దించి మధ్య సందులో ఇసుక పోసి తడపటం. తాగేనీళ్ల కూజాను ఇసుకలో పెట్టినట్లే ఇదీను.

వేసవిలో అసలు పరీక్ష మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఆకులు వేలాడేస్తాయి. చూడలేక చెంబెడు నీళ్లు పోస్తాం. కాని ముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి చూడాలి. మట్టి పొడిగా ఉంటే నీరు పోయండి. తడిగా ఉంటే మాత్రం పోయవద్దు. ఆకు విడిచే తేమకు సరిపడా వేరు అందించలేక మొక్క వాడింది, అంతే. సాయంత్రానికి తానే తేరుకుంటుంది. వేడెక్కిన మట్టిలో నీరు నిలిస్తే కుళ్లు కలిగించే బూజులకు అంతకంటే కావలసింది లేదు. సాయంత్రం చల్లబడినా, మట్టి తడిగా ఉన్నా, మొక్క వాడే ఉందంటే వేరు చెడిందని అర్థం.

మృగశిర కార్తెలో చినుకు పడగానే మనకు హాయి, జెరేనియంకు గండం. తొలకరి తడవగానే కుండీని చూరు కిందికో, రేకుల పంచకో మార్చండి. వెలుతురూ గాలీ ఉండాలి, వాన జల్లు మాత్రం తగలకూడదు. ముసురు పట్టిన రోజుల్లో నీరు పోయనే వద్దు. పండిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేయాలి. కుండీలను ఒకదానికొకటి ఆనించవద్దు. కాండం మొదలు నల్లబడిందంటే ఆ మొక్క దక్కదు. ఆలస్యం చేయకుండా పైన ఆరోగ్యంగా ఉన్న కొసలు కోసి ఇసుకలో నాటుకుని, పాత మట్టిని దూరంగా పారబోయాలి.

కొమ్మ ముక్క – మొక్కకు భీమా

ఇంత చేసినా రెండేళ్లు దాటితే మొక్క మొదలు కట్టెబారి వడలుతుంది. కాబట్టి ఏటా కొత్త మొక్కలు తయారుచేసుకోవటమే పద్ధతి. దీపావళి వెళ్లాక, జనవరిలోపు, జానెడు కంటే తక్కువ పొడవున, మూడు నాలుగు కణుపులున్న కొస ముక్కలు కోయాలి. కణుపుకు దిగువన పదునైన కత్తితో కోసి, కింది ఆకులు తీసి, నీడలో కొన్ని గంటలు ఉంచితే కోత ఆరుతుంది. తర్వాత తడి ఇసుకలో నాటి నీడలో పెట్టాలి. పాలిథిన్ సంచి కప్పితే ముక్క కుళ్లుతుంది. నాలుగైదు వారాల్లో వేరు పడుతుంది. నాలుగు ముక్కలు నాటి, రెండు మీరుంచుకుని రెండు పక్కింటి పిన్నిగారికో అత్తయ్యగారికో ఇవ్వండి. మీది పోయిన ఏడు వారి దగ్గర ఉంటుంది.

దోమల మాట

"దోమలను తరిమే మొక్క" అంటూ ఒక రకం జెరేనియంను సిట్రోసా పేరుతో ప్రపంచమంతటా అమ్మారు. దోమలున్న చోట దాన్ని పెట్టి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, కుండీలోని మొక్క మనిషిని దోమకాటునుంచి కాపాడలేదని 1996లో ప్రకటించారు. ఇందులో వింత లేదు. ఆకు నలిపితేనే కదా తైలం బయటికొచ్చేది! అంతకన్నా ముఖ్యమైన సంగతి, కుండీ కింద పళ్లెంలో నిలిచే నీరు. డెంగీ మోసే దోమకు ఆ కాస్త మంచినీరే ప్రసూతి గది. గుడ్డు దోమగా మారటానికి వారం, పది రోజులు చాలు. దోమలు పోతాయని తెచ్చిన మొక్క దోమలను పుట్టించకుండా చూసుకోవలసింది మనమే. పళ్లెం తీసెయ్యండి, లేదా రెండు మూడు రోజులకొకసారి ఒంపండి.

ఎండిన ఆకులు బట్టల పెట్టెలో వేసుకోవచ్చు, దండలో మరువంలా కట్టుకోవచ్చు. తైలం మాత్రం లోపలికి తీసుకోకూడదు. ఆకు తింటే పిల్లులకు, కుక్కలకు మంచిది కాదు. కొందరికి ఆకు తగిలితే దురద పుట్టవచ్చు.

కుండీ దాటి చేనుకు వెళ్లే ముందు

చివరగా రైతుబిడ్డలైన మిత్రులకు ఒక మాట. జెరేనియం వేస్తే ఎకరానికి లక్షలు అనే ప్రచారం చెవిన పడుతూనే ఉంటుంది. తైలానికి గిరాకీ ఉన్న మాట నిజం. మన దేశం దీన్ని దిగుమతి చేసుకుంటున్నదీ నిజం. కాని వంద కిలోల పచ్చి ఆకు బట్టీలో వేస్తే దిగేది సుమారు నూరు, రెండు నూర్ల గ్రాముల తైలమే. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లోనూ కేంద్రం ఉంది. మెట్ట వాతావరణంలో ఈ పంటను అక్కడ పరిశీలించారు. మైదానాల్లో ఈ పంటకు అసలు అడ్డంకి వానాకాలంలో తల్లిమొక్కలు చచ్చిపోవటమే. వాటిని కాపాడి నారు తయారు చేయటానికి మొక్కకు సుమారు 35 రూపాయలయ్యేది. తక్కువ ఖర్చు పాలిథిన్ పందిరితో అది 2 రూపాయలకు దిగిందని 2020లో ఆ సంస్థ తెలిపింది. అంటే ఏమిటి? మైదానపు రైతు కూడా వానల్లో మొక్కను పందిరి కింద దాచి, చలికాలంలో చేలో నాటి, తిరిగి వానలు పడేలోపు కోసుకోవాలి. పెరట్లో చూరు కింద మనం చేసేదీ ఇదే కదా!

కనుక నల్లరేగడిలో మిరప తీసి జెరేనియం వేద్దామని నాన్నగారో బాబాయిగారో అంటే కాదనవద్దు, తొందరపడనీయవద్దు. నీరు దిగే నేల ఎంత ఉంది, బట్టీ ఎంత దూరం, తైలం కొనేదెవరు అని ముందు విచారించమనండి. ఈలోగా మున్నేటి ఇసుక కలిపిన నాలుగు కుండీల్లో నాలుగు మొక్కలు పెట్టి ఒక రోహిణి కార్తెనూ, ఒక వానాకాలాన్నీ దాటించి చూడండి. దాటితే ఆ పంట గుణం మీ చేతికి తెలిసినట్లే. దాటకపోతే పోయేది నాలుగు కుండీలే గాని నాలుగెకరాలు కావు.