నాందేడు నుండి హైదరాబాదు: దూరమెంత? కాలమెంత?

1956 నవంబరు 1వ తేదీ వరకు మన నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. రాష్ట్రము మారినను రాకపోకలు మాఱలేదు. పై చదువులకును, వైద్యమునకును నాయ్‌గావ్ ప్రాంతపు తెలుగు కుటుంబములు పెక్కు నేటికిని హైదరాబాదునే చూచుచుండును. కావున విమానమున నెంతసేపు పట్టునని విద్యార్థులును, తల్లిదండ్రులును మమ్ము అడుగుచుందురు.

ముందుగా దూరమును గణింతము. నాందేడు సుమారు 19 డిగ్రీల 9 నిమిషముల ఉత్తర అక్షాంశమున నున్నది; హైదరాబాదు 17 డిగ్రీల 23 నిమిషముల యందున్నది. అక్షాంశము ఒక డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. ఈ లెక్కన హైదరాబాదు నాందేడునకు దక్షిణముగా 196 కిలోమీటర్లు, రేఖాంశములను బట్టి తూర్పుగా 124 కిలోమీటర్లు. వీనిని భుజములుగా లంబకోణ త్రిభుజమును గీచినచో కర్ణము సుమారు 232 కిలోమీటర్లగును. ఇదియే ఆకాశమార్గము. ముద్‌ఖేడ్, ధర్మాబాద్, బాసర, నిజామాబాదు, కామారెడ్డి మీదుగా పోవు రైలుదారి సుమారు 270 కిలోమీటర్లు.

ఇక కాలము. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద నాందేడు, హైదరాబాదుల నడుమ విమానసేవ ఆరంభమైనది. నాడు నడచిన ఏ.టి.ఆర్. 72 విమానపు వేగము గంటకు సుమారు 500 కిలోమీటర్లు. భాగహారము చేసినచో అరగంట చాలవలెను. కాని ప్రయాణపట్టికలో సుమారు గంట యుండును. ఏలయన, విమానము నేలపై మెల్లగా సాగి, పైకెక్కునపుడును దిగునపుడును పూర్తి వేగమునందుకొనజాలదు. దిగుటకు తన వంతు వచ్చువరకు వేచియుండవలసియు రావచ్చును. దూరము తక్కువైనకొలది ఈ అదనపు కాలమే అధికముగ కనబడును.

నాయ్‌గావ్ వారు మరియొక లెక్క చూచుకొనవలెను. మన యూరు నాందేడునకు ఆగ్నేయముగా, హైదరాబాదు దారిలోనే యున్నది. విమానమునకై సుమారు 50 కిలోమీటర్లు వెనుకకు పోవలెను. అందుకు గంటకు పైగా, విమానాశ్రయమున ముందుగా చేరుటకు గంటకు పైగా, ఆకాశమున గంట, శంషాబాదు నుండి నగరములోనికి మరియొక గంట. మొత్తము నాలుగున్నర గంటలకు తక్కువ కాదు. దేగ్లూరు, సంగారెడ్డిల మీదుగా రోడ్డుదారి సుమారు 220 కిలోమీటర్లు. గంటకు 45 చొప్పున బస్సు అయిదు గంటలలో చేరును. తేడా అరగంట మాత్రమే. ఖర్చులో తేడా మాత్రము అట్లు కాదు. ముంబయి వంటి దూరనగరములకైనచో రైలులో రాత్రియంతయు గడుపుట తప్పును గనుక విమానము నిజముగా కాలమును మిగుల్చును.

కావున పరీక్షకు పోవు విద్యార్థియు, రోగిని గొనిపోవు తండ్రియు ఆకాశమున గడచు గంటను మాత్రమే లెక్కింపక, ఇల్లు వెడలినది మొదలు గమ్యము చేరువరకు గంటలను కూడుకొనవలెను. విమానములును వేళలును మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు పట్టికను చూచుకొనుట అవశ్యము.