ఇంటి అంగణము - పూలకుండీలు

పాత మండువా ఇండ్లను చూచినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. నాలుగువైపుల పెంకుటికప్పులును లోపలికి వాలి, వాననీటిని నడిమి అంగణమున దింపుచుండెడివి. ఆ నీరు అక్కడ నిలువక, మూలనున్న తూముగుండ వెలుపలికి పోవుచుండెడిది. వెలుతురు, గాలి, నీరు, ఈ మూడును ఆ కొద్దిపాటి తెరపినుండియే ఇంటిలోనికి వచ్చెడివి. ఇప్పుడు పట్టణములలో ఇండ్లు కట్టుకొనువారు దానినే మరియొక రూపమున కోరుచున్నారు. ఇంటి వెనుకనో ప్రక్కనో కొంత జాగాకు బండలు పరపించి, నాలుగు కుర్చీలు వేసి, చుట్టును పూలకుండీలు అమర్చి, దానిని పాటియో అనుచున్నారు. అది స్పానిష్ భాషలోని మాట. ఇంటిలోపలి ముంగిలి యని దాని అర్థము. స్పెయిన్ దేశమందలి కార్డోబా నగరమున ఏటేట మే నెలలో జరుగు అంగణముల పండుగను యునెస్కో సంస్థ 2012వ సంవత్సరమున మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. మాట క్రొత్తదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు.

అంగణము కట్టించుకొనదలచినవారు సాధారణముగా ఏ బండ వేయవలెను, ఏ మొక్క పెట్టవలెనని మొదట అడుగుదురు. నా అభిప్రాయమున మొదట ఆలోచింపవలసినది నీటిని గూర్చి. వానకాలమున వచ్చు నీరు ఏ దారిని పోవలెను? ఎండకాలమున మొక్కలకు వలయు నీరు ఎక్కడనుండి రావలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము కుదిరినచో తక్కినవన్నియు సులభముగా కుదురును. కుదరనిచో గోడలకు చెమ్మయు, ఇంటికి దోమలును, మే నెలలో ఎండిన కుండీలును మిగులును.

మొదటి ప్రశ్నను చూతము. 10 చదరపు మీటర్ల జాగాలో 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో 250 లీటర్ల నీరు పడును. అనగా 15 లీటర్ల బకెట్లు ఇంచుమించు పదునేడు. మట్టినేల అయినచో అందు కొంత పీల్చుకొనును. సిమెంటుతో బిగించిన బండలమీద ఆ నీరంతయు పల్లమును వెదకుకొనుచు పరుగెత్తును. ఆ పల్లము ఇంటి గోడవైపున ఉండరాదు. 10 అడుగుల వెడల్పునకు 2 అంగుళముల చొప్పున, గోడకు ఎడముగా వాలు ఉండవలెను. ఆ మాత్రపు వాలు కంటికి తెలియదు. కుర్చీ వేసినను కదలదు. నీటికి మాత్రము చాలును. అంగణపు మట్టము గదినేలకంటె కనీసము 6 అంగుళములు దిగువగా ఉండుట మంచిది. లేనిచో బండలమీద పడి చిందిన వానచినుకులు గోడ అడుగును నిత్యము తడుపుచుండును.

వాలు చివరకు వచ్చిన నీటిని వీధిలోనికి త్రోసివేయుటకంటె, అచ్చటనే ఒక ఇంకుడుగుంట త్రవ్వించి భూమిలోనికి పంపుట మేలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2002లో చేసిన నీరు, భూమి, వృక్షముల చట్టమునందును వాననీటిని ఇంకించు ఏర్పాట్లు చెప్పబడినవి. గుంటకు చోటు లేనివారు ఆ అంచున రెండడుగుల మట్టిపాదు విడిచి అరటినిగాని మెట్టతామరనుగాని నాటవచ్చును.

ఇక కట్టడము. పైమట్టిని 6 నుండి 8 అంగుళముల వరకు తీసివేసి, అడుగును తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టింపవలెను. దానిపై 4 అంగుళముల కంకర పరపించి మరల కొట్టింపవలెను. ఈ పనిలో తొందరపడినచో మొదటి వానకే బండలు క్రుంగును. ఆపైన రెండు పద్ధతులు కలవు. సిమెంటు గచ్చుమీద బండలు అతికించుట ఒకటి. ఇసుక పరచి, బండల నడుమ సందులను ఇసుకతోనే నింపుట రెండవది. మొదటిది ఊడ్చుటకు, కడుగుటకు సుఖము. రెండవదానిలో కొంత నీరు సందులగుండ ఇంకును. బండ చెడినప్పుడు దానినొక్కదానినే లేపి మార్చవచ్చును. కాని ఆ సందులలో గడ్డి మొలచును. పక్షులు విడిచిన రావి, మర్రి విత్తనములును మొలచును. వానిని రెండాకులప్పుడే పెరికివేయవలెను; వేరూరినచో బండను పగులగొట్టును.

బండలకు మన దేశమున కొదువ లేదు. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ, ఇవన్నియు సున్నపురాతి జాతివి. అందుచే నిమ్మరసము, చింతపండు పులుసు, పాయిఖానా కడుగు యాసిడ్ వానిపై పడినచో మచ్చలు పడును. నల్లబండ ఎండను ఎక్కువగా పీల్చి, మధ్యాహ్నము పాదము మోపనీయదు. ఎండ నేరుగా పడు చోట లేతరంగు బండయే తగినది. దేనినైనను నున్నగా మెరుగుపెట్టింపక గరుకుగా ఉంచుడు. తడిసిన నున్ననిబండ ఇంటిలోని వృద్ధులకు అపాయకరము. పని ముగిసిన పిమ్మట, మేస్త్రికి కూలి లెక్క తీర్చుటకు ముందు, గోడప్రక్కన ఒక బకెట్ నీరు పోసి చూడుడు. అది ఎక్కడను మడుగు కట్టక గుంటను చేరినచో పని చక్కగా జరిగినట్లే.

కుండీలను ఎన్నుటలోను నీటినే ప్రమాణముగా తీసికొనవలెను. కాల్చిన మట్టికుండీకి సన్నని రంధ్రములు కలవు. వానిగుండ నీరు ఆవిరియగుచుండును. వేళ్లకు గాలియు చల్లదనమును తగులును. అయితే ఎండకాలమున మట్టి త్వరగా ఆరును. క్రొత్త మట్టికుండీని కొన్ని గంటలు నీట నానవేసిన పిమ్మట వాడుడు. లేనిచో అదియే మొక్క నీటిని త్రాగివేయును. సిమెంటు కుండీ బరువైనది, గాలికి పడదు. క్రొత్తదానిలో సున్నపు ఊట ఉండునుగనుక కొన్నిదినములు నీరు నింపి మార్చుచుండవలెను. ప్లాస్టిక్ కుండీ తేలికయైనది, తడిని నిలుపును. కాని తడి మితిమీరి వేరు కుళ్లుటయు దానిలోనే ఎక్కువ. ఏ కుండీకైనను అడుగున రంధ్రము ఉండితీరవలెను. దాని క్రింద ఇటుకముక్కలు పెట్టి కొంచెము ఎత్తి ఉంచినచో నీరు తెరపిగా పోవును.

ఇక్కడ ఒక పాత అలవాటును గూర్చి చెప్పవలెను. నీరు బాగుగా దిగుటకై కుండీ అడుగున రెండు మూడు అంగుళముల గులకరాళ్లు పోయుట పలువురకు వాడుక. అది మేలు చేయదు. సన్నని మట్టిలోని నీరు, మట్టి పూర్తిగా నానినగాని దిగువనున్న రాళ్లలోనికి దిగదు. కాబట్టి రాళ్ల పొర వలన బురద తగ్గుటకు బదులు వేళ్లకు మరింత చేరువగును. మట్టి జారిపోకుండ రంధ్రముపై ఒక పెంకు బోర్లించిన చాలును. ఎర్రమట్టి రెండుపాళ్లు, ఇసుక ఒకపాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒకపాలు కలిపినచో చాల మొక్కలకు సరిపోవును. వట్టి నల్లరేగడి కుండీలకు పనికిరాదు. తడిసిన జిగురగును, ఎండిన బీటలువారును.

మొక్కలను కొనుటకు ముందు ఒకదినమంతయు అంగణమును గమనింపుడు. ఎండ అయిదారు గంటలు పడుచోట మల్లె, తులసి, గులాబి, మందారము, నూరువరహాలు, నిమ్మ పెరుగును. మల్లెను డిసెంబరు, జనవరి నెలలలో కత్తిరించి నీరు తగ్గించినచో వేసవికి విరివిగా పూయును. ఉదయపు ఎండ మాత్రమే తగులుచోట కనకాంబరమును, మరువమును పెంచవచ్చును. నీడపట్టున తమలపాకుతీగ గోడకు ప్రాకును. నీరు పోయుట కష్టమైన మూలకు కలబంద తగినది. చిన్నపిల్లలున్న ఇంట గన్నేరును పెట్టవలదు. దాని ఆకు, పువ్వు, కాయ అన్నియు విషము. మచ్చల ఆకులతో అందముగా కనబడు డిఫెన్‌బాకియా ఆకును నమలినచో నోరు, నాలుక వాచును.

ఇక రెండవ ప్రశ్న. ఎండలోనుండు 12 అంగుళముల మట్టికుండీకి మే నెలలో దినమునకు ఒకటి మొదలు రెండు లీటర్ల నీరు కావలెను. ఇరువది కుండీలున్నచో రెండు మూడు బకెట్లు. నీరు కొనుక్కొనవలసిన వీధులలో ఇది చిన్న లెక్క కాదు. ఆ బకెట్లు మోయువారి నడుమునకును ఇది చిన్న లెక్క కాదు. కాబట్టి చోటునుబట్టి గాక, మే నెలలో మీ ఇంట మిగులు నీటినిబట్టి కుండీల సంఖ్యను నిర్ణయింపుడు. బియ్యము, కూరలు కడిగిన నీటిని మొక్కలకు పోయవచ్చును. కుండీలను దగ్గరగా చేర్చినచో ఒకదాని నీడ మరియొకదానిపై పడును. మట్టిపై ఎండుటాకులనుగాని కొబ్బరిపీచునుగాని పరచినచో తడి నిలుచును.

కుండీ క్రింది పళ్లెములను మరువరాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ, నిలిచిన మంచినీటి అంచున గ్రుడ్లు పెట్టును. నీరు ఆరిపోయినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చెడక, మరల తడిసినప్పుడు పొదుగును. గ్రుడ్డు దోమ యగుటకు ఇంచుమించు వారము పదిదినములు పట్టును. కనుక పళ్లెమును వారమునకొకసారి ఒలకబోసి, అంచును పీచుతో తోమవలెను. పళ్లెమే లేకున్న మరింత మంచిది. వాలుగల అంగణమునకు దానితో పనియే లేదు.

క్రొత్తగా అంగణము కట్టుకొన్నవారు మొదటి ఏడు అయిదు కుండీలతోనే ఆరంభింతురుగాక. ఒక వానకాలము, ఒక వేసవి గడచునప్పటికి ఏ మూల ఎండ పడునో, ఎక్కడ నీరు నిలుచునో, ప్రతి సాయంకాలము చెంబు పట్టుకొని వచ్చువారెవరో తేలిపోవును. ఆ పిమ్మట ఆరవ కుండీని కొనవచ్చును.