పెళ్లి ఖర్చు: ఆత్మగౌరవానికి మిత్తి కట్టాలా?

పెళ్లి ఖర్చు తగ్గించుకోమని దళిత కుటుంబాలకు సలహా ఇవ్వడం తేలిక. ఇచ్చేవాళ్లు ఒక సంగతి మరచిపోతుంటారు. మన పెళ్లిలో బరాత్, బ్యాండు, గుర్రం ఉత్త ఆడంబరాలు కావు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌కు బరాత్‌తో వెళ్లడానికి ఒక దళిత వరుడు హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. చివరకు ఆ ఊరేగింపు పోలీసు కాపలా మధ్య సాగింది. మనల్ని రానివ్వని వీధిలో డప్పు మోగించుకోవడం హక్కు. కానీ హక్కు వేరు, అప్పు వేరు.

అప్పు లెక్క చూద్దాం. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఒక కూలీ కుటుంబం బిడ్డ పెళ్లికి 3 లక్షలు బయట అప్పు తెచ్చిందనుకుందాం. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు రూ.9,000. ఏడాదికి రూ.1,08,000. అసలు అట్లనే ఉంటుంది.

ఇప్పుడు కల్యాణలక్ష్మిని పక్కన పెట్టి చూడండి. 2014 అక్టోబర్ 2న రూ.51,000తో మొదలైన ఈ పథకం 2018 నాటికి రూ.1,00,116కు చేరింది. చాలా ఇళ్లలో పెళ్లయిపోయిన తర్వాతే ఆ చెక్కు చేతికొస్తుంది. అది మొత్తం పెట్టినా పై కుటుంబానికి ఒక్క ఏడాది మిత్తి తీరదు, ఇంకా రూ.7,884 తక్కువ పడుతుంది. బిడ్డ పేరున ప్రభుత్వం ఇచ్చిన డబ్బు వడ్డీ వ్యాపారి ఇంటికి పోతోంది. కాబట్టి ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయకూడదు. పెళ్లికి ముందే చేతిలో ఎంత ఉందో, ఖర్చు అంతలోనే ఉండాలి.

ఈ మాట మనకు బయటివాళ్లు నేర్పింది కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ బాల్యవివాహాలకు, జోగిని ఆచారానికి, మద్యానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి తాగుడు, జంతుబలులు మానాలని చెప్పారు. గౌరవం దావత్‌లో లేదని మన ఉద్యమం వందేళ్ల కిందే అన్నది. 1948 ఏప్రిల్ 15న అంబేడ్కర్, సవిత ఢిల్లీలోని ఆయన ఇంట్లోనే రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. దానివల్ల ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు.

మరి దేన్ని తగ్గించాలి? మొదటిది కట్నం. దాన్ని ఖర్చుల పద్దులో రాయకూడదు, అది నేరం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇచ్చినా, తీసుకున్నా శిక్ష ఉంది. మిగిలిన ఖర్చంతా అమ్మాయి ఇంటి మీదే వేయకుండా రెండు కుటుంబాలూ సగం సగం పంచుకోవాలి.

రెండోది ముహూర్తం. మంచి ముహూర్తం ఉన్న రోజున హాలు, బ్యాండు, వంటవాళ్లు, పూలు అన్నిటి రేటూ పెరుగుతుంది. పంచాంగం మీద నమ్మకం లేని కుటుంబం ఆ రేటు ఎందుకు కట్టాలి? మామూలు రోజు పెట్టుకుంటే బేరం ఆడొచ్చు. ప్రైవేటు హాలుకు పోయే ముందు జీహెచ్‌ఎంసీ మల్టీపర్పస్ ఫంక్షన్ హాలు దొరుకుతుందేమో అడగాలి.

మూడోది రిజిస్టర్ పెళ్లి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు చాలు. అయితే ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. కులాంతర జంటలు తమ భద్రత సంగతి ముందే చూసుకోవాలి. ఎస్సీ కులాంతర వివాహాలకు తెలంగాణలో రూ.2.5 లక్షల ప్రోత్సాహకం ఉంది. దానికీ పెళ్లి తర్వాతే దరఖాస్తు, అందువల్ల దాన్నీ ఖర్చుకు లెక్కపెట్టుకోవద్దు.

నాలుగోది చుట్టాల సాయం. చదివింపుల పుస్తకంలో పడేది పెళ్లి రోజు కాకుండా నెల ముందే అందితే అంత మేరకు అప్పు తగ్గుతుంది. బస్తీ సంఘాలు ఈ పద్ధతిని మొదలుపెట్టొచ్చు. గిన్నెలు, షామియానా, కుర్చీలు సంఘం పేరున ఒకసారి కొని పెట్టుకుంటే ప్రతి ఇంటికీ కిరాయి మిగులుతుంది.

బరాత్ తీయాలనుకుంటే తీయండి, డప్పు కొట్టించండి. ఆ డప్పు చప్పుడుకు మూడేళ్లు మిత్తి కట్టే పరిస్థితి మాత్రం తెచ్చుకోవద్దు. ఆ డబ్బు కొత్త జంట చదువుకో, ఇంటి అడ్వాన్సుకో పనికొస్తుంది.