సైకిల్ దిగగానే కాళ్లు ఎందుకు మొరాయిస్తాయి?

1978లో హవాయిలో మొదలైన ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8 కిలోమీటర్లు ఈదాలి, 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, ఆపైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి! సైకిల్ దిగగానే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి. గంటల తరబడి పెడల్ తిప్పిన కండరాలు, నాడులు వెంటనే పరుగుకు మారలేవు మరి. అందుకే సాధనలోనూ సైకిల్ దిగీదిగగానే కాసేపు పరుగెత్తుతారు.

సైకిల్‌నూ ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలి. సీటు మరీ కిందికుంటే మోకాళ్లకు శ్రమ, మరీ ఎత్తుంటే నడుము ఊగిపోతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని తగ్గించడానికే మోచేతులు ఆనించి, ముందుకు వంగి తొక్కుతారు. అలా గంటలకొద్దీ ఉండాలంటే మెడా నడుమూ నెలల ముందు నుంచే అలవాటుపడాలి.

కండరాల్లో ఇంధనంగా దాచుకున్న గ్లైకోజెన్ పోటీ చివరిదాకా చాలదు. కాబట్టి సైకిల్ మీదే తింటారు, తాగుతారు. కడుపుకూ సాధన కావాలి, పోటీ రోజున కొత్త తిండి ముట్టుకోరు.