మంట లేదని ఏమరుపాటు వద్దు!
మైక్రోవేవ్ ఓవెన్‌లో భయపడవలసింది కిరణాలకు కాదు, వేడికి

తెనాలిలో మాకు తెలిసిన ఒక ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ చాలా నెలలపాటు పాత దుప్పటి కప్పుకొని ఒక మూల ఉండిపోయింది. సంక్రాంతికి వచ్చిన కొడుకు తల్లికి శ్రమ తగ్గుతుందని కొనిపెట్టి వెళ్ళాడు. ఆమె మాత్రం దాని దరిదాపులకు పోలేదు. "అందులోంచి కిరణాలొస్తాయటగా నాయనా, క్యాన్సరు పుడుతుందట" అన్నది ఆమె అభ్యంతరం.

దసరాకు కోడలు, ఎనిమిది నెలల మనుమడు వచ్చారు. రాత్రి పది గంటలకు పిల్లవాడు పాలకు ఏడుపు మొదలుపెట్టాడు. అదే సమయానికి గ్యాసు అయిపోయింది. మామ్మగారు ధైర్యం చేసి దుప్పటి తీసి, పాలసీసాను అలాగే ఓవెన్‌లో పెట్టి మీట నొక్కారు. నిమిషం తర్వాత తీసి సీసాను చేత్తో పట్టుకు చూశారు. గోరువెచ్చగా ఉంది. పిల్లవాడి నోటికి అందించారు. వాడు కెవ్వుమన్నాడు. సీసా గోరువెచ్చగానే ఉంది గాని లోపలి పాలు కాగిపోయి ఉన్నాయి. నాలుక మీద, అంగిట్లో బొబ్బలు లేచాయి. రాత్రికి రాత్రి డాక్టరు దగ్గరకు పరుగెత్తారు. పుండు మానడానికి వారం పట్టింది.

అన్నాళ్ళూ ఆమె భయపడింది కిరణాలకు. తీరా కాల్చింది వేడి. ఈ పొయ్యి విషయంలో చాలా ఇళ్ళలో జరుగుతున్నది ఇదే. భయపడనక్కరలేని దానికి భయపడతాం. జాగ్రత్త పడవలసిన చోట ఏమరుపాటుగా ఉంటాం. కనుక ఇందులో ఏది ప్రమాదమో, ఏది కాదో తెలుసుకుంటే ఇల్లాలికి సగం చింత తీరుతుంది.

రాడార్ నుంచి వంటింటికి

ఈ పొయ్యికి పుట్టిల్లు యుద్ధరంగం. శత్రు విమానాలను పసిగట్టే రాడార్ కోసం 1940లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొత్తరకం మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ 1945 ప్రాంతంలో ఇలాంటి పరికరం పక్కన నిలబడి ఉండగా జేబులోని తీపి బిళ్ళ కరిగిపోయిందట. అక్కడినుంచి వంటకు వాడే ఆలోచన వచ్చింది. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ దాదాపు మనిషెత్తున, 340 కిలోల బరువున ఉండేది. వంటింటి బల్లమీద ఇమిడే ఓవెన్ 1967లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది.

వేడి ఎక్కడ పుడుతుంది?

గ్యాసు పొయ్యి మీద ముందు గిన్నె వేడెక్కుతుంది, ఆ తర్వాత పదార్థం. మైక్రోవేవ్‌లో వరస తారుమారవుతుంది. మాగ్నెట్రాన్ నుంచి వచ్చే తరంగాలు రేడియో, టీవీ తరంగాల జాతివే. ఇవి సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తాయి. పదార్థంలోని నీటి అణువులను అంత వేగంగానూ అటూ ఇటూ కుదుపుతాయి. ఆ కుదుపుతో పదార్థమే వేడెక్కుతుంది. గాజు, పింగాణీ గిన్నెలు మాత్రం వాటంతట అవి అంతగా వేడెక్కవు. పాలసీసా గోరువెచ్చగా ఉండటానికి కారణం అదే.

మరొక సంగతి. ఈ తరంగాలు పదార్థంలోకి సుమారు అంగుళం లోతు మాత్రమే చొచ్చుకుపోతాయి. మిగతా లోపలి భాగానికి వేడి మెల్లగా పాకవలసిందే. పైగా ఓవెన్ లోపల అన్నిచోట్లా తరంగాల బలం ఒకేలా ఉండదు. గిన్నెను తిప్పే పళ్ళెం ఆ తేడాను తగ్గిస్తుంది గాని పూర్తిగా పోగొట్టదు. అందుకే ఒకే గిన్నెలో ఒక ముద్ద నోరు కాలేట్టు, దాని పక్క ముద్ద చల్లగా ఉంటుంది.

పసిపిల్లల పాలను ఇందులో కాచవద్దని వైద్యులు చెప్పేది అందుకే. తల్లిపాలకైనా, డబ్బా పాలకైనా ఇదే మాట. సీసాను వేడినీళ్ళ గిన్నెలో కొంచెంసేపు నిలబెడితే చాలు. ఎలా వేడిచేసినా సీసాను కుదిపి, నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకు చూసి మరీ పట్టాలి. సీసాను పైన తాకి చూస్తే తెలియదు.

కిరణాల భయం ఎంతవరకు?

ఎక్స్‌రే కిరణాలకూ, ఈ తరంగాలకూ చాలా తేడా ఉంది. శరీరంలోని అణువులను చీల్చి మార్చివేసే శక్తి వీటికి లేదు. వేడి పుట్టించడమే వీటి పని. ఇందులో వేడిచేసిన అన్నంలో కిరణాలేమీ నిలవ ఉండవు. దీపం ఆర్పితే వెలుతురు పోయినట్లు, మీట ఆపగానే తరంగాలూ ఉండవు.

తలుపు అద్దంలో చిల్లుల రేకు ఒకటి కనిపిస్తుంది. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. చిల్లులు మిల్లీమీటర్లలో ఉంటాయి. అందుచేత వెలుతురు బయటికి వస్తుంది గాని తరంగం రాదు. అమెరికా ప్రభుత్వం 1971 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం, ఓవెన్ ఎంత పాతబడినా, దానికి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి బయటికి రాకూడదు. దూరం జరిగేకొద్దీ అదీ వేగంగా తగ్గిపోతుంది. తలుపు తీయగానే యంత్రం ఆగిపోయేలా లోపల ఒకటికి రెండు స్విచ్చులు ఉంటాయి.

అయితే ఈ భరోసా అంతా తలుపు సరిగా ఉన్నంతవరకే. తలుపు వంగినా, బందులు వదులైనా, అంచులు తుప్పుపట్టినా, గట్టిగా మూసుకోకపోయినా వాడటం ఆపి బాగుచేయించాలి. తలుపు అంచుల్లో పేరుకున్న జిడ్డును తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. తెరిచిన తలుపు మీద బరువు పెట్టకూడదు, పిల్లలను వేలాడనివ్వకూడదు. స్విచ్చు పనిచేయడం లేదని అందులో పుల్ల గుచ్చి నడిపించడం అన్నిటికంటే ప్రమాదం.

గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు భయపడుతూ ఉంటారు. ఇప్పటి పేస్‌మేకర్లకు రక్షణ కవచం ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న ఓవెన్‌తో ఇబ్బంది రాదు. అనుమానముంటే తమ డాక్టరును ఒకమాట అడిగితే సరిపోతుంది.

స్టీలు గిన్నె వద్దు

మన వంటిళ్ళన్నీ స్టీలు గిన్నెలమయం. అలవాటు కొద్దీ చేయి వాటి మీదకే పోతుంది. స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, వెండి... ఏ లోహం గిన్నె అయినా తరంగాలను వెనక్కి కొడుతుంది. లోపలి కూర వేడెక్కదు. అంచుల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. గిన్నెలో మరచిపోయిన చెంచా, బంగారు గీత ఉన్న పింగాణీ కప్పు కూడా ఇదే పని చేస్తాయి.

హోటలు నుంచి తెచ్చిన పార్శిళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బిర్యానీ చుట్టిన వెండిరంగు రేకు, పొట్లానికి కొట్టిన పిన్ను, సాంబారు పోసిన ప్లాస్టిక్ కవరు... వీటిలో ఏదీ ఓవెన్‌లోకి పోకూడదు. పదార్థాన్ని గాజు గిన్నెలోకో, పింగాణీ గిన్నెలోకో మార్చుకోవాలి. బజ్జీలు చుట్టిన న్యూస్ పేపరును అలాగే లోపల పెట్టేవారున్నారు. అసలు తినుబండారాలను న్యూస్ పేపరులో చుట్టవద్దనే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరిస్తున్నది. సిరా తిండికి అంటుకుంటుంది, పైగా కాగితం అంటుకునే ప్రమాదమూ ఉంది.

మైక్రోవేవ్‌కు పనికివస్తుందని అడుగున గుర్తు ఉన్న ప్లాస్టిక్ మాత్రమే వాడాలి. పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు వేడికి మెత్తబడతాయి. పింగాణీలా కనిపించే మెలమైన్ పళ్ళేలు తినడానికేగాని ఇందులో వేడిచేయడానికి కావు.

గాజు, పింగాణీ గిన్నె పనికివస్తుందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఖాళీ గిన్నెను, పక్కన కప్పు నీళ్ళను పెట్టి ఒక నిమిషం నడపండి. నీళ్ళు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే వాడుకోవచ్చు. గిన్నె వేడెక్కితే పక్కన పెట్టేయండి. లోహపు గిన్నెలకు మాత్రం ఈ పరీక్ష కూడా చేయరాదు.

పేలేవి, పొంగేవి

కోడిగుడ్డును పెంకుతో పెడితే పేలుతుంది. ఉడికించి పెంకు తీసిన గుడ్డును వేడిచేసినా అంతే. ఓవెన్‌లో ఏమీ కాకపోయినా, బయటికి తీసి కొరికినప్పుడు పేలిన సందర్భాలు ఉన్నాయి. గుడ్డును ముక్కలుగా కోసి పెట్టాలి. బంగాళాదుంప, వంకాయ వంటివాటికి చెంచాముల్లుతో నాలుగు గాట్లు పెట్టాలి. మూత బిగించిన సీసాలు, డబ్బాలు పెట్టనే కూడదు.

నీళ్ళతో ఉన్న ప్రమాదం చాలామందికి తెలియదు. నున్నని గాజుగ్లాసులో నీళ్ళు మరిగే స్థాయి దాటినా ఒక్కొక్కప్పుడు బుడగ రాదు. చూడటానికి నిశ్చలంగా ఉంటాయి. బయటికి తీసి కాఫీ పొడి వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖాన పడతాయి. అందుచేత నీళ్ళను అవసరానికి మించి కాచవద్దు. ముందే అందులో చెక్క చెంచా వేసి ఉంచండి. ఆగిన తర్వాత అరనిమిషం ఆగి తీయండి. మూత తీసేటప్పుడు ఆవిరి ముఖం మీదకు రాకుండా అవతలి వైపు నుంచి ఎత్తండి.

ఒకవేళ చేయి కాలితే వెంటనే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాలి. సిరా, టూత్‌పేస్టు, వెన్న, పసుపు పూయరాదు. గాయం పెద్దదైనా, ముఖం మీద కాలినా, పసిపిల్లలకు కాలినా డాక్టరుకు చూపించాలి.

అప్పడం మాడితే...

అప్పడాలు కాల్చడానికి చాలా ఇళ్ళలో ఈ పొయ్యినే వాడుతున్నారు. నూనె లేకుండా ఒక నిమిషంలోపే కాలుతుంది. అయితే రెండు నిమిషాలు పెట్టి పక్కగదిలోకి వెళ్తే మాడి పొగ లేస్తుంది. నీరు లేని పదార్థం ఏదైనా ఇంతే. ఎండుమిరపకాయలు వేడిచేస్తే ఘాటుకు కళ్ళు, గొంతు మండి ఇల్లంతా దగ్గుతుంది. తడిబట్టలు, పుస్తకాలు ఇందులో ఆరబెట్టకూడదు. కరోనా రోజుల్లో, 2020లో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక గ్రంథాలయానికి మాడిన పుస్తకం తిరిగివచ్చింది. క్రిములు చస్తాయని ఎవరో దాన్ని ఓవెన్‌లో పెట్టారు. పుస్తకానికి అంటించిన గుర్తుబిళ్ళలో లోహం ఉండటంతో అంటుకుంది.

లోపల మంట కనిపిస్తే తలుపు తీయకండి. తీస్తే గాలి తగిలి మంట పెరుగుతుంది. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, మంట దానంతట అది ఆరేదాకా ఆగండి.

నిన్నటి కూర, నిన్నటి అన్నం

పైపైన పొగలు వస్తున్నంత మాత్రాన లోపలి దాకా వేడెక్కినట్టు కాదు. మధ్యలో ఒకసారి తీసి కలపాలి. ఆపిన తర్వాత రెండు నిమిషాలు అలాగే ఉంచితే వేడి అంతటా సర్దుకుంటుంది. క్రిములు చావాలంటే పదార్థం నడిమధ్య కూడా 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలి. అన్నం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో ఒక రకం క్రిములు పెరిగి విషపదార్థం వదులుతాయి. ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నాన్ని చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. బయట ఉండిపోయిన దాన్ని ఓవెన్ బాగుచేయలేదు.

కరెంటుతో చెలగాటం వద్దు

మామూలు ఓవెన్‌కు కూడా 1,000 వాట్లకు పైగా విద్యుత్తు కావాలి. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, సరైన ఎర్తు ఉండి తీరాలి. ఎక్స్‌టెన్షన్ తీగలు పనికిరావు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ఓవెన్లు 120 వోల్టులవి. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే మాడిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టేజి తగ్గుతుందే గాని, అక్కడి 60 సైకిళ్ళు ఇక్కడ 50గానే ఉండటంతో యంత్రం అతిగా వేడెక్కవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఓవెన్ పైడబ్బా మరలు విప్పవద్దు. లోపలి మాగ్నెట్రాన్ వేల వోల్టులతో నడుస్తుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్‌లో ప్రాణాలు తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. రేడియోలు, మిక్సీలు బాగుచేసిన అనుభవం దీనికి చాలదు. ఈ పని నేర్చినవారినే పిలవాలి.

తెనాలి మామ్మగారి ఇంట్లో ఓవెన్ ఇప్పుడు మూలన లేదు. కూరలు, చారు అందులోనే వేడిచేసుకుంటున్నారు. ఆమె స్టీలు గిన్నెల పక్కన రెండు గాజు గిన్నెలు చేరాయి. దుప్పటిని నడిచేటప్పుడు కప్పరు, గాలి ఆడే సందులు మూసుకుపోతాయని కొడుకు చెప్పాడు. మనుమడు వస్తే మాత్రం వాడి పాలు వేడినీళ్ళ గిన్నెలోనే వెచ్చబడతాయి. ఆ నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకోనిదే సీసా పిల్లవాడి చేతికి ఇవ్వరు.