సాలూరు ఘాటా, రాయగడ లైనా?

కోస్తా నుంచి కొండల అవతలికి సరుకు పంపాలంటే ఉత్తరాంధ్రలో ముఖ్యంగా మూడు దారులున్నాయి. నాతవలస దగ్గర మలుపు తిరిగి విజయనగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఘాటెక్కి కొరాపుట్ చేరే రోడ్డు ఒకటి. బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వెళ్లే రైలు మార్గం రెండోది. రాయపూర్ దాకా ఇది 1931లో పూర్తయింది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ లైను మూడోది. ఇది అరకు కొండలెక్కి కొరాపుట్ మీదుగా పోతుంది.

వీటిలో ఏది దగ్గరో కంప్యూటరు క్షణంలో చెప్పేస్తుంది. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1956లోనే ఆ పద్ధతి కనిపెట్టాడు. ఊళ్లు చుక్కలు, దారులు గీతలు, ఒక్కో గీత మీద ఒక అంకె. ఆ అంకె కిలోమీటర్లయితే దగ్గర దారి దొరుకుతుంది, గంటలయితే త్వరగా చేరే దారి, రూపాయలయితే కిరాయి కలిసొచ్చే దారి. కష్టమంతా ఏ గీత మీద ఏ అంకె వేయాలన్న దగ్గరే. సరుకు ప్రమాదకరమైనదైతే ఆ కష్టం ఇంకా పెరుగుతుంది.

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వైపు వెళ్లే ట్యాంకర్లను వెనకనుంచి గమనించండి. ఆరెంజి రంగు పలక మీద 1230 అని ఉంటే లోపల మిథనాల్, 1294 అయితే టోలీన్. మిథనాల్ పలక మీదే ‘2డబ్ల్యూఈ’ అన్న గుర్తు కూడా ఉంటుంది. ‘2’ అంటే మంటను సన్నటి నీటి తుంపరతో ఆర్పాలని ఫైరింజన్ సిబ్బందికి సూచన. చివరి ‘ఈ’ మాత్రం చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమంటుంది. దారి ఎంచేవాళ్లు మొదట పట్టించుకోవాల్సింది ఈ ‘ఈ’నే. దారి పక్కన ఎంతమంది ఉన్నారన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒక ఊహాలెక్క వేద్దాం. ఊరి మధ్యనుంచి దారి 10 కిలోమీటర్లు, కిలోమీటరుకు 5,000 మంది. చుట్టుదారి 16 కిలోమీటర్లు, కిలోమీటరుకు 600 మంది. గుణిస్తే మొదటిది 50,000, రెండోది 9,600. దూరం ఒకటిన్నర రెట్లు దాటినా ముప్పు అయిదో వంతుకు తగ్గింది. అయితే చుట్టుదారి ఇరుకై, మలుపులెక్కువై, ప్రమాదం జరిగే అవకాశం అక్కడ ఆరు రెట్లుంటే లెక్క తిరగబడుతుంది. ఘాట్ రోడ్డు విషయంలో ఈ ప్రమాద అవకాశపు అంకెను తేలిగ్గా తీసుకోకూడదు.

పైగా జనం సంఖ్య రోజూ ఒకేలా ఉండదు. సంతనాడు రామభద్రపురం వేరు, మర్నాడు తెల్లవారుజామున వేరు. దసరా తరవాతి మంగళవారం సిరిమానోత్సవానికి విజయనగరంలో లక్షల మంది ఉంటారు. జనాభా లెక్కల పుస్తకంలో దొరకని ఈ వివరాలు స్థానికులకే తెలుసు. వాళ్లనడిగి ట్యాంకర్లకు వేళలు పెడితే కొత్త రోడ్డు వేయకుండానే చాలా ముప్పు తప్పుతుందని నా నమ్మకం.

రైలు కలిస్తే లెక్కలో ఓ చమత్కారం చేయాలి. విజయనగరాన్ని కంప్యూటరుకు రెండు ఊళ్లుగా చెప్పాలి: రోడ్డు విజయనగరం, రైలు విజయనగరం. రెంటినీ కలిపే గీత మీద సరుకు మార్చే ఖర్చు వేయాలి. బియ్యం బస్తాలైతే అది కళాసీల కూలి, గూడ్స్ షెడ్డులో పట్టే సమయం, అంతే. ద్రావకమైతే గొట్టాలు బిగించాలి, పంపు నడపాలి, వ్యాగను వచ్చేదాకా నిల్వ ఉంచాలి. లీకులకు అవకాశం అక్కడే. నిలిచిన సరుకూ ప్రాణాలు తీస్తుంది: 2020 మే 7న విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో పన్నెండు మందిని బలిగొన్న స్టైరీన్ రసాయనం ఫ్యాక్టరీ ట్యాంకులో నిల్వ ఉన్నదే.

అందుకే విశాఖ నుంచి పైడిభీమవరం దాకా ఉన్న కాస్త దూరానికి రైలెక్కించి దించడం కన్నా ట్యాంకరే మేలు. రాయపూర్ దాకా పెద్ద మొత్తంలో, క్రమం తప్పకుండా వెళ్లే సరుకైతే రైలే సరి. ఒక్క గూడ్సు బండి నూటికి పైగా ట్యాంకర్ల సరుకు మోస్తుంది. కాకపోతే రైలుకు చాలాచోట్ల ఊరి బయట బైపాస్ ఉండదు, పట్టాలు ఊళ్ల మధ్యనుంచే పోతాయి. ఈ అంకె కూడా లెక్కలోకి రావాలి.

వానాకాలంలో అరకు వైపు కొండచరియలు విరిగిపడి కిరండోల్ లైను మూతపడితే రైళ్లను కొరాపుట్ నుంచి రాయగడ మీదుగా విజయనగరానికి మళ్లిస్తారు. ఆ రోజుల్లో పార్వతీపురం, బొబ్బిలి పట్టాల పక్కనున్న వాళ్ల అంకెలు మారిపోతాయి. నిన్న క్షేమమని తేలిన దారికి ఇవాళ మళ్లీ లెక్క కట్టాల్సిందే.