ఫోన్లో టీవీ చూస్తే లైసెన్సు కావాలా? దూరదర్శన్ ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

"ఏటి బాబూ, ఫోన్లో టీవీ చూసినా లైసెన్సు తియ్యాలంట కదా?" జంషెడ్‌పూర్ కదమాలో మా పక్కింటి మావయ్యగారు ఈమధ్య అడిగారు. బర్మింగ్‌హామ్‌లో చదువుతున్న మనవడు అద్దె గదిలో దిగిన కొన్నాళ్లకే, టీవీ లైసెన్సు ఉందా అంటూ ఉత్తరం వచ్చిందట. ఆ గదిలో టీవీయే లేదు.

మన దేశం వరకు జవాబు సులువు. అక్కర్లేదు. టీవీకైనా, ఓటీటీకైనా ప్రేక్షకుడు తీసుకోవాల్సిన లైసెన్సు ఏదీ లేదు. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీలకు కొన్ని బాధ్యతలు పెట్టాయి కానీ అవి సంస్థల మీదే, చూసేవారి మీద కాదు.

బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ లెక్క తెరను బట్టి ఉండదు, చూసే తీరును బట్టి ఉంటుంది. ఏ ఛానల్‌నైనా ప్రసారమవుతున్న సమయంలోనే చూస్తే, అది ఫోన్ అయినా లైసెన్సు ఉండాలి. హైదరాబాద్ న్యూస్ ఛానల్‌ను యూట్యూబ్‌లో లైవ్‌గా చూసినా అంతే. నెట్‌ఫ్లిక్స్‌లో పాత సినిమా చూసుకుంటే మాత్రం అవసరం లేదు. బీబీసీ ఐప్లేయర్‌కు మాత్రం 2016 సెప్టెంబర్ నుంచి ఏం చూసినా తప్పనిసరి. ఈ రుసుము 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది. బీబీసీ ప్రస్తుత రాయల్ చార్టర్ 2027 చివరితో ముగుస్తుంది కాబట్టి, ఆ తర్వాత ఈ పద్ధతి ఉండాలా వద్దా అనే చర్చ అక్కడ జోరుగా సాగుతోంది. జర్మనీ 2013లోనే టీవీ ఉందా లేదా అని అడగడం మానేసి ఇంటికింత అని వసూలు చేస్తోంది. ఫ్రాన్స్ 2022లో రుసుమునే ఎత్తేసింది.

మనకూ ఒకప్పుడు లైసెన్సు ఉండేది. రేడియో కొంటే పోస్టాఫీసుకు వెళ్లి పుస్తకం తీసుకోవాలి, ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. టీవీకీ అదే తంతు. మావయ్యగారి ట్రంకు పెట్టెలో అలాంటి పుస్తకం ఇంకా ఉంది. 1980ల మధ్యలో ఆ రుసుము రద్దయింది. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నేను పుట్టకముందు మాట కాబట్టి ఆ ఆనందం నాకు తెలియదు.

అయితే ఖర్చు ఎక్కడికీ పోలేదు. 1990లో చట్టమై 1997లో అమల్లోకి వచ్చిన ప్రసార భారతి, దూరదర్శన్‌నూ ఆకాశవాణినీ నడుపుతోంది. జీతాల్లో పెద్ద వాటా కేంద్ర బడ్జెట్‌దే. పరికరాలు, ట్రాన్స్‌మిటర్ల ఆధునికీకరణకు 2023 జనవరిలో కేంద్రం రూ.2,539.61 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అంటే పన్ను కట్టే ప్రతివారూ దూరదర్శన్‌కు కడుతున్నట్టే, రశీదు రాదంతే. పేరుకు స్వయంప్రతిపత్తి సంస్థ అయినా, డబ్బు ఇచ్చే చేయి ప్రభుత్వానిదే కావడంతో వార్తల్లో ఆ ప్రభావం కనబడుతుందన్న విమర్శ ఏ పార్టీ అధికారంలో ఉన్నా వినిపిస్తూనే ఉంది. నా మటుకు ఆ విమర్శలో నిజం ఉందనే అనిపిస్తుంది.

రెండో దారి డీడీ ఫ్రీ డిష్. 2004లో మొదలైన ఈ సేవకు నెలవారీ చందా లేదు. డిష్, బాక్సు కొంటే చాలు. పరిశ్రమ అంచనా ప్రకారం 2024 నాటికి 4.9 కోట్ల ఇళ్లలో ఉంది. ఇందులో చోటు కోసం ప్రైవేటు ఛానళ్లు ఏటా వేలంలో పోటీ పడతాయి, ఆ డబ్బు ప్రసార భారతికి వస్తుంది. వేలంలో అత్యధిక ప్రారంభ ధర హిందీ వినోద ఛానళ్ల విభాగానిదే. చిక్కంతా ఇక్కడే ఉంది. డబ్బు వేలం నుంచి వస్తే, మార్కెట్ పెద్దగా ఉన్న భాషే ముందుకొస్తుంది.

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. టాటా ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలివి. మూడో తరం పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో హిందీ, ఇంగ్లిష్. వాళ్లకు తెలుగు చెవి ద్వారానే అందాలి. ప్రైవేటు తెలుగు ఛానళ్లు కావాలంటే హిందీ ప్యాక్ మీద మళ్లీ డబ్బు పెట్టాలి. ఫ్రీ డిష్‌లో విజయవాడ నుంచి వచ్చే సప్తగిరి, హైదరాబాద్ నుంచి వచ్చే యాదగిరి ఉచితంగా దొరుకుతాయి. వేలం లెక్కలకు దొరకని ప్రేక్షకులు వీళ్లు. ఇక్కడి సంతాలీ, హో మాట్లాడేవారి సంగతీ దాదాపు అంతే. తేడా ఏమిటంటే, మనకు వెనక రెండు రాష్ట్రాలున్నాయి.

ఇక ముందుకు చూస్తే, దేశంలో పాత అనలాగ్ టవర్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు ఆగిపోయాయి. 2024 నవంబర్‌లో ప్రసార భారతి 'వేవ్స్' పేరుతో సొంత ఓటీటీ తెచ్చింది. అందులో దూరదర్శన్ ఛానళ్లను లైవ్‌గా చూడొచ్చు. కానీ 2014లోనే శ్యామ్ పిట్రోడా కమిటీ, కార్యక్రమాల మీద పెట్టే ఖర్చు పెరగాలని చెప్పింది. యాప్ కొత్తదైనా అందులో చూపించేది పాతదే అయితే మూడో తరం పిల్లవాడు ఎందుకు తెరుస్తాడు?

మావయ్యగారికి ఇదంతా చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే: "మరి మావోడేటి చెయ్యాలి?" లైవ్ చూడకపోతే, ఐప్లేయర్ తెరవకపోతే, లైసెన్సు అక్కర్లేదని అక్కడి వెబ్‌సైట్‌లో తెలియజేస్తే సరిపోతుందన్నాను. ఆయన ఫోన్ తీసి మనవడికి కలిపారు.